పార్వతీశానికి ఎన్ని మార్కులు?

కావ్యంలో నాయకుడు ఎలాంటివాడో కథ మొదలుకాకముందే తేల్చి చెప్పగలిగిన రోజులు ఉండేవి. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. ఉన్నవి నాలుగే గదులు, ఎవరినైనా అందులో ఏదో ఒకదాంట్లో దించాల్సిందే. ఓరుగల్లు ఆస్థానంలో విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’ అనే సంస్కృత కావ్యలక్షణ గ్రంథం రాస్తూ, ఉదాహరణల కోసం పురాణాల దాకా వెళ్లలేదు. తనను పోషిస్తున్న కాకతీయ ప్రతాపరుద్రుణ్నే నాయకుణ్ని చేసి శ్లోకాలు అల్లాడు. నాటకానికి నమూనా కావలసివస్తే రాజు మీదే ఒక నాటకం రాసి పుస్తకంలో పెట్టేశాడు. 16వ శతాబ్దంలో రామరాజభూషణుడు ఆ పద్ధతిని తెలుగులోకి తెచ్చి ‘నరసభూపాలీయం’ రాశాడు. గుణాల పట్టీ చేతిలో పట్టుకుని మనిషిని దానికి సరిపెట్టే పని ఇది. పోషకుడే నాయకుడైనప్పుడు సరిపోకపోవడం అన్న సమస్యే రాదు.

ఆ గదుల్లో ఇమడని మనిషి 1878లో వచ్చాడు. కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ పత్రికలో రాసిన ‘రాజశేఖర చరిత్రము’లో కథానాయకుడు ధవళేశ్వరంలో ఉండే ఒక సంసారి. ముఖస్తుతికి లొంగిపోతాడు, బంగారం చేసి పెడతానన్నవాణ్ని నమ్మి ఉన్నది పోగొట్టుకుంటాడు. గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఛాయలు ఉన్నా, మనిషి మాత్రం గోదావరి గట్టువాడే. ఇతను ధీరోదాత్తుడా అని అడిగితే నవ్వొస్తుంది. పోనీ ధీరశాంతుడా? శాంతం సంగతి అటుంచి, ధైర్యమే తక్కువ. పాత తూకంరాళ్లతో నవలను తూచడం కుదరదని మొదటి పెద్ద నవలే చెప్పింది.

కొత్త తూకంరాళ్లు ఇంగ్లీషు చదువుతో వచ్చాయి. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. షేక్‌స్పియర్ నాటకాలతోపాటు ఫలానా పాత్ర గురించి రాయండి అనే ప్రశ్న కూడా తరగతి గదుల్లోకి నడిచొచ్చింది. అప్పటికే ఇంగ్లండులో పాత్రను బతికున్న మనిషిలా విచారించడం ఒక అలవాటు. షేక్‌స్పియర్ పాత్ర ఫాల్‌స్టాఫ్ పిరికివాడు కాదని వాదించడానికి మారిస్ మోర్గన్ 1777లో ఒక పుస్తకమే వేశాడు. 1904లో ఎ.సి. బ్రాడ్లీ షేక్‌స్పియర్ విషాదాంత నాటకాల మీద ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకమై, లెక్చరర్లకు చాలాకాలం ఆధారమయ్యాయి. ఆ ధోరణిని ఎల్.సి. నైట్స్ 1933లో ఒక చిన్న పుస్తకంతో ఎగతాళి చేశాడు. లేడీ మక్‌బెత్‌కు పిల్లలెంతమంది అన్నదే దాని పేరు! ఎగతాళి పండింది కానీ ప్రశ్నపత్రాలు మారలేదు. నాటకంలోని మాటలను వదిలి మనిషి పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం తప్పే. అయినా ఆ ఆసక్తి లేకుండా కథలు చదివేదెవరు?

తెలుగులో ఈ మార్పుకు ఒక గుర్తుగా కట్టమంచి రామలింగారెడ్డి కనిపిస్తాడు. కేంబ్రిడ్జిలో చదువుకుని వచ్చినవాడు. 1914 నాటి ‘కవిత్వతత్త్వ విచారము’లో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ వంటి కావ్యాలను లక్షణ గ్రంథాలు పక్కనపెట్టి చూశాడు. కథ ఎలా నడిచింది, మనుషులు మనుషుల్లా ప్రవర్తించారా లేదా అన్నది ఆయనకు ముఖ్యమైంది. పద్యకావ్యాన్ని ఇంచుమించు నవల చదివినట్టు చదివాడన్నమాట.

ఇదంతా పండితుల స్థాయిలో జరిగింది. బడిలో పాత్ర చిత్రణకు దక్కిన రూపం వేరు. నాన్-డీటెయిల్డ్ పుస్తకం, దానికో గైడు, గైడులో ఉపశీర్షికలు: పరిచయం, రూపం, గుణగణాలు, ముగింపు. ఒక్కో గుణానికి ఒక సంఘటన జోడిస్తే మార్కులు పడతాయి. దిద్దేవారికి సులువు, రాసేవారికి ఇంకా సులువు. పట్టీ మళ్లీ వచ్చింది, ఈసారి రాజు బదులు పరీక్ష కోసం. 2014 తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదో తరగతి ఉపవాచకంగా రామాయణం వచ్చాక, పిల్లలు రాముడి గుణాలు రాస్తున్నారు. ధీరోదాత్తుడి గది ఖాళీగా ఏమీ లేదు.

ఈ పద్ధతికి చిక్కని మనిషిని చూడాలంటే మొక్కపాటి నరసింహశాస్త్రి 1924లో లోకం మీదికి వదిలిన ‘బారిస్టర్ పార్వతీశం’ దగ్గరికి వెళ్లాలి. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదువుకని సీమకు బయల్దేరతాడు. మద్రాసులో దొరసానులు పెట్టుకునే టోపీ కొని, మగవాళ్లదే అనుకుని దర్జాగా పెట్టుకుంటాడు. గైడు పద్ధతిలో జవాబు క్షణాల్లో తయారవుతుంది: అమాయకుడు, పల్లెటూరివాడు, పట్టుదల గలవాడు. అన్నీ నిజమే, కానీ ఒక్కటి జారిపోయింది. ఈ కథ చెబుతున్నది పార్వతీశమే. టోపీ సంగతి తెలియని కుర్రాడు ఒకడు, ఆ కుర్రాణ్ని గుర్తుచేసుకుని మనల్ని నవ్విస్తున్నవాడు మరొకడు. రెండోవాడికి అన్నీ తెలుసు. ఏ వాక్యం ఎక్కడ ఆపితే నవ్వు వస్తుందో కూడా తెలుసు. అమాయకుడు అని రాసిన విద్యార్థి అతని వేషం దగ్గరే ఆగిపోయాడు. స్వయంగా ఎడిన్‌బరోలో చదువుకుని వచ్చిన మొక్కపాటికి ఈ రెండు మనసులూ సొంతమే అయ్యుంటాయి.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లోని సీతారామారావు ఇంకో రకం చిక్కు. వంశ ప్రతిష్ఠ పేరుతో ఆస్తి కరిగించుకుంటాడు, పని చేయలేక ఎడతెగకుండా ఆలోచిస్తాడు. ఉదారుడని రాస్తే తప్పు కాదు, సోమరి అని రాసినా తప్పు కాదు. ఒక గుణమే తిరగబడి రెండోదవుతుంటే దాన్ని ఏ ఉపశీర్షిక కింద పెట్టాలి? అతని అసమర్థతను వివరించడానికి గోపీచంద్‌కే ఒక నవల పట్టింది.

పార్వతీశం విషయంలో ఇంకో పేచీ ఉంది. జనం ఎక్కువగా చదివింది మొదటి భాగమే. మొక్కపాటి తర్వాత మరో రెండు భాగాలు రాశాడు. వాటిలో కుర్రాడు పెద్దవాడై, బారిస్టరై తిరిగొచ్చి, జాతీయోద్యమంలో దిగుతాడు. నవ్వు తగ్గుతుంది, కథ కూడా కొంత మందగిస్తుందన్నది ఒప్పుకోవాల్సిందే. అయినా మూడు భాగాలూ చదివినవాడు పార్వతీశం గురించి రాయబోతే, దొరసాని టోపీ పెట్టుకున్న తలా జాతీయోద్యమంలోకి వెళ్లిన తలా ఒక్కటేనని ముందు తనకు తాను నచ్చజెప్పుకోవాలి.