‘ఎంతిస్తుంది?’ – ఒక ప్రశ్న చరిత్ర

కొత్త బండి కొని ఇంటి ముందు ఆపామంటే పక్కింటాయన ముందుగా అడిగేది ‘ఎంతిస్తుంది?’ అని. ఏమిస్తుందో, దేనికిస్తుందో వివరించక్కర్లేదు. మన రోడ్ల మీద మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చి అరవై ఏళ్ళు దాటింది. లెక్క కిలోమీటర్లలోనే చెప్పుకుంటాం, పేరు మాత్రం ఇంకా మైలేజే. ఫలానా సభతో ఫలానా నాయకుడికి ‘మైలేజి’ వచ్చిందని పేపర్లు రాసేటంతగా ఆ మాట తెలుగులో ఇంకిపోయింది. అయితే ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న అడగడం మరీ పాత అలవాటేం కాదు, మహా అయితే యాభై ఏళ్ళు. ఈ యాభై ఏళ్ళలో ఒక లెక్క బాగా నేర్చుకున్నాం, ఇంకో లెక్క వేయడం దాదాపు మానేశాం.

అంతకుముందు చాలామందికి ఆ ప్రశ్నతో పనే లేదు, ఎందుకంటే సొంత ఇంజను లేదు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే తనకు అనుబంధంగా రోడ్డు రవాణా విభాగం పెట్టినప్పుడు దాని దగ్గరున్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రైలు నడిపేవాళ్ళే బస్సూ నడిపితే స్టేషన్లో దిగిన మనిషి ఊరిదాకా చేరతాడన్నది అందులోని ఆలోచన. ఇవాళ మనం ‘లాస్ట్ మైల్’ అని సెమినార్లు పెట్టి మాట్లాడుకునేది అదే. ఆ విభాగమే చేతులు మారుతూ వచ్చి 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. బస్సు అందని చోట సైకిలు. దానికి మున్సిపాలిటీ బిళ్ళ, రాత్రయితే దీపం, వెనకాల ఇంకొకర్ని ఎక్కించుకుంటే పోలీసు భయం. కొనలేనివాళ్ళకి గంటల లెక్కన అద్దె సైకిళ్ళు.

కార్లున్న కొద్దిమందీ మైలేజి గురించి అడగలేదు, అడిగినా ఎంచుకోవడానికేమీ లేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర్లో మొదలైన అంబాసిడర్, ఫియట్ నమూనాతో వచ్చిన ఇంకో కారు, ఇంచుమించు అంతే. అంబాసిడర్ లీటరుకి పది కిలోమీటర్లు దాటితే గొప్ప. స్కూటర్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. దొరకడమే అదృష్టమైన వస్తువుని ఎంత తాగుతావని ఎవరడుగుతారు?

ఆ ప్రశ్న 1973 అక్టోబర్‌లో పుట్టింది. ఇజ్రాయెల్‌తో యుద్ధం నేపథ్యంలో అరబ్ దేశాలు చమురు సరఫరా బిగించాయి. మూడు డాలర్ల దగ్గరున్న బ్యారెల్ ధర కొత్త ఏడాది మొదలయ్యేసరికి పదకొండు డాలర్లు దాటింది. ఇక్కడ పెట్రోలు రేటు పెంచినందుకు నిరసనగా ఆ నవంబర్ 12న అటల్ బిహారీ వాజ్‌పేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకి వచ్చారు. ఆ ఫొటో ఇప్పటికీ పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా ఎవరో ఒకరు బయటికి తీస్తుంటారు. తర్వాతి అయిదేళ్ళలో విదేశీ చమురు కంపెనీలు ఒక్కొక్కటే ప్రభుత్వం చేతిలోకి వచ్చాయి. 1957లో కాల్టెక్స్ కట్టిన విశాఖపట్నం రిఫైనరీ 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఇంధనం పొదుపు గురించి ప్రచారం చేయడానికి పీసీఆర్ఏ అనే సంస్థ ఏర్పడిందీ ఆ ఏడాదే. సిగ్నల్ దగ్గర ఇంజను ఆపండి అనే బోర్డులన్నీ ఆ తరహా ప్రచారానికి వారసులే.

పొదుపు బోర్డులకన్నా బలంగా పనిచేసింది మార్కెట్. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చాయి. సైకిలుకి కొంచెం పైన, స్కూటర్‌కి చాలా కింద. పాలక్యాన్లు, గడ్డిమోపులు, ముగ్గురు మనుషులు, అన్నీ మోసిన బండి అది. 1983 డిసెంబర్‌లో మారుతి 800. 1985లో హీరో హోండా సీడీ 100. దాని ప్రకటన ‘ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్’ అంది. ఒకసారి నింపి మూత పెట్టి మర్చిపో, లీటరుకి 80 కిలోమీటర్లు.

ఆ ఎనభై వెనక ఉన్నది మాయ కాదు, ఇంజను కట్టుబాటు. అప్పటి స్కూటర్లు, ఆటోలు ఎక్కువగా టూ స్ట్రోక్. వాటిలో కాలిన పొగని బయటికి నెట్టేది లోపలికొస్తున్న కొత్త పెట్రోలు-గాలి మిశ్రమమే. నెట్టే క్రమంలో అందులో కొంత కాలకుండానే సైలెన్సర్ గుండా వెళ్ళిపోతుంది. పైగా పెట్రోల్లో ఆయిలు కలపాలి. మన ఊళ్ళలో ఆటో వెనకాల వచ్చే ఆ నీలం పొగ అదే. ఫోర్ స్ట్రోక్‌లో పీల్చడానికి ఒక అడుగు, వదలడానికి ఇంకో అడుగు విడివిడిగా ఉంటాయి. వృథా తగ్గుతుంది. ఈ తేడా చదువుకోకపోయినా ప్రతి మెకానిక్‌కీ తెలుసు, ప్రతి గుమస్తా జేబుకీ తెలుసు. మైలేజి ఇంటింటి ప్రశ్న అయింది ఇక్కడే.

ఇదే కాలంలో అమెరికా ఆ ప్రశ్నని చట్టంగా రాసుకుంది. మనవాళ్ళు పెద్ద సంఖ్యలో వెళ్ళి స్థిరపడిన దేశం కాబట్టి ఆ కథ కూడా చెప్పుకోవాలి. 1970ల మొదట్లో అక్కడి కొత్త కార్లు సగటున గాలన్‌కి పదమూడు, పద్నాలుగు మైళ్ళే ఇచ్చేవి. మన లెక్కలో లీటరుకి ఆరు కిలోమీటర్ల లోపు. 1985 నాటికి దాన్ని 27.5 మైళ్ళకి పెంచాలని 1975 డిసెంబర్‌లో చట్టం చేశారు. చట్టం పనిచేసింది, కార్లు తేలికయ్యాయి. కానీ రైతులు, చేతిపనులవాళ్ళు వాడే వాహనాలని ‘లైట్ ట్రక్’ అని వేరే వర్గంలో పెట్టి వాటికి షరతులు సడలించారు. ఎక్కువ తాగే కార్ల మీద 1978లో వేసిన ప్రత్యేక పన్ను కూడా వాటికి లేదు. కంపెనీలు ఆ సందులోంచే కుటుంబాలకి కార్లు అమ్మాయి. ట్రక్కు చాసిస్ మీద మెత్తటి సీట్లు బిగించిన ఎస్‌యూవీ, చట్టం దృష్టిలో ట్రక్కే. ఇవాళ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆఫీసుకి ఒక్కరే కూచుని వెళ్ళే ఏడు సీట్ల బండి వెనక ఈ నిర్వచనం ఉంది.

మనం నవ్వక్కర్లేదు. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకి ఎక్సైజు పన్ను 24 శాతం నుంచి 16కి తగ్గించారు. చిన్న కారు అంటే ఎంత తాగుతుంది అని చూడలేదు. పొడవు నాలుగు మీటర్ల లోపు ఉందా, ఇంజను ఫలానా సైజు లోపు ఉందా అని చూశారు. వెనక డిక్కీ తోక కోసేసినట్టుండే కార్లు, నాలుగు మీటర్లకి ఒక వేలెడు తక్కువుండే ‘కాంపాక్ట్ ఎస్‌యూవీ’లు అలా పుట్టాయి. రైతు ట్రాక్టరు కోసం, లారీ కోసం, బస్సు కోసం ధర తొక్కిపట్టిన డీజిల్ 2014 అక్టోబర్ దాకా పెద్ద కార్ల ట్యాంకుల్లోకీ చేరింది. 2022-23 వచ్చేసరికి దేశంలో అమ్ముడైన ప్యాసింజర్ వాహనాల్లో సగానికి పైగా యుటిలిటీ వెహికల్సే. ఇంజన్లు మెరుగయ్యాయి నిజమే. ఆ మెరుగంతా బరువు, ఎత్తు, ఏసీ పంచుకున్నాయి.

ఇక ఆ ప్రశ్నలోనే ఉన్న తిరకాసు. పది ఇచ్చే బండిని పన్నెండుకి మార్చడం, నలభై ఇచ్చే బండిని యాభైకి మార్చడం, రెంటిలో ఏది ఎక్కువ ఆదా? చాలామంది రెండోదే అంటారు. పదివేల కిలోమీటర్లకి లెక్క కట్టండి. మొదటిదానిలో వెయ్యి లీటర్లు 833 అవుతాయి, 167 మిగులుతాయి. రెండోదానిలో 250 లీటర్లు 200 అవుతాయి, మిగిలేది యాభయ్యే. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన లారిక్, సోల్ 2008లో ఈ భ్రమ మీదే ఒక పరిశోధనా పత్రం రాశారు. యూరప్‌లో వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని చెప్పుకుంటారు, అది నిటారు లెక్క. మనది తలకిందుల లెక్క.

ఈ తలకిందుల లెక్కలో అందరికన్నా అన్యాయమైపోయింది బస్సు. సిటీ బస్సు లీటరుకి నాలుగు కిలోమీటర్లే ఇస్తుందనుకుందాం. పక్కింటాయన వింటే దండగమారి బండి అంటాడు. ఇప్పుడు రానూపోనూ యాభై కిలోమీటర్ల ఉద్యోగం ఊహించండి. ట్రాఫిక్‌లో పది ఇచ్చే కార్లో ఒక్కరే వెళ్తే రోజుకి అయిదు లీటర్లు. అదే కార్లో నలుగురు పంచుకుంటే తలకి లీటరుంబావు. యాభై ఇచ్చే బైకు మీద ఒక్కరైతే ఒక లీటరు. నలభై మందితో వెళ్ళే బస్సుకి మొత్తం పన్నెండున్నర లీటర్లు, తలకి లీటరులో మూడో వంతు కూడా కాదు. డీజిల్‌కీ పెట్రోల్‌కీ మధ్య కాస్త తేడా ఉంది గానీ ఫలితం మారదు. బస్సులో ముగ్గురుంటే చాలు, ఒంటరి కారుని దాటేస్తుంది. పదమూడు మంది ఎక్కితే బైకుని కూడా.

మనం వేయడం మానేసిన లెక్క ఇదే. బండికి ఎంత అని అడిగాం, మనిషికి ఎంత అని అడగలేదు. ఆర్టీసీ వాళ్ళు మాత్రం రెండూ అడుగుతూనే ఉన్నారు. డిపోల్లో కేఎంపీఎల్ అని ఒక మాట ఉంది, ఏ డ్రైవరు లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తీశాడో రాసే లెక్క. దాని పక్కనే ఓఆర్, ఎన్ని సీట్లు నిండాయన్న లెక్క. ఈ రెండు అంకెలు కలిపి చూసే అలవాటు డిపో గేటు దాటి నగరంలోకి రాలేదు.

బైకు ఎక్కినవాళ్ళని తప్పుపట్టడం తేలిక, న్యాయం కాదు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు, వచ్చినా ఆగుతుందో లేదో తెలియనప్పుడు, మనిషి లీటర్లతో పాటు నిమిషాలూ లెక్కేసుకుంటాడు. రాత్రి షిఫ్ట్ అయ్యాక స్టాపులో ఒంటరిగా నిలబడాల్సిన అమ్మాయి భయాన్నీ లెక్కేసుకుంటుంది. స్కూటీ ఆమెకి ఇచ్చింది మైలేజి ఒక్కటే కాదు, ఇంకొకరి మీద ఆధారపడకుండా బయల్దేరే వీలు. కాబట్టి బస్సు గెలవాలంటే డీజిల్ లెక్కలో గెలిస్తే చాలదు, ఎదురుచూపుల లెక్కలోనూ గెలవాలి.

ప్రయత్నాలు జరగలేదని కాదు. 2003లో హైదరాబాద్‌కి ఎంఎంటీఎస్ వచ్చింది. ఉన్న పట్టాల మీదే లోకల్ రైళ్ళు, తక్కువ టికెట్టు. కానీ రైలుకీ రైలుకీ మధ్య వ్యవధి మాత్రం బస్సు కన్నా బెంగ. 2017 నవంబర్‌లో మెట్రో మొదలైంది. స్టేషన్ దాకా ఎలా వెళ్ళాలి, దిగాక ఎలా వెళ్ళాలి అన్న 1932 నాటి ప్రశ్న మళ్ళీ ముందుకొచ్చింది. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ కప్పుతో. ఆదివారం పొద్దున్న బాగుంటుంది. అమీర్‌పేటలో పనిచేసే సెక్యూరిటీ గార్డు డ్యూటీకి వెళ్ళే దారి మాత్రం అది కాదు. కరెంటు బండ్లొచ్చాయి. పొగ తగ్గుతుంది, దిగుమతి చేసుకునే చమురు తగ్గుతుంది. మన ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా బయటి నుంచే వస్తోంది కనుక అది చిన్న విషయం కాదు. అయినా ఒక్క మనిషిని మోసుకుంటూ టన్నున్నర ఇనుము ఫ్లైఓవర్ మీద నిలబడడం అలాగే ఉంటుంది.

ఈ మధ్య కాలంలో బస్సు లెక్కని నిజంగా కదిపింది ఇంజన్లు కాదు, టికెట్టు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్ట్ 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం. బస్సులు కిటకిటలాడుతున్నాయని, సీట్ల కోసం గొడవలని వీడియోలు తిరిగాయి. ఉపాధి కోల్పోతున్నామన్న ఆటో డ్రైవర్ల బాధ నిజమైనది, దానికి జవాబు చెప్పాల్సిందే. కానీ ఆ కిటకిటని ఇంకోలా కూడా చదవచ్చు. ఎక్కాలనుకునేవాళ్ళు ఇంతమంది ఎప్పుడూ ఉన్నారు, వాళ్ళకి సరిపడా బస్సులే లేవు.

ఆ పథకాల మీద చర్చ ఖజానాకి ఎంత ఖర్చన్న దగ్గరే ఆగిపోతోంది. ఖర్చు అడగాల్సిందే. దాంతో పాటు కొత్త ఫ్లైఓవర్‌కి పెట్టే ప్రతి రూపాయినీ అదే ప్రశ్న అడగాలి: దీనివల్ల ఒక లీటరు మీద ఎంతమంది పొద్దున్న పనికి వెళ్ళి సాయంత్రం ఇంటికి చేరారు? పక్కింటాయన అడిగేదాంట్లో తప్పేం లేదు. ఆయన ఒక్క మాట వదిలేశాడు, ‘ఎంతమందికి?’