రెంటచింతల పరిసరాల చారిత్రక కట్టడాలు

రెంటచింతల ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, పల్నాడు జిల్లాకు చెందిన ఒక గ్రామము, అదే పేరు గల మండలమునకు కేంద్రము. మాచర్ల, గురజాల పట్టణాల నడుమ, మాచర్లకు పోవు రైలు మార్గం మీద ఉన్నది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడక ముందు ఇది గుంటూరు జిల్లాలో ఉండేది. వేసవి ఎండల మూలంగా ఈ ఊరి పేరు వార్తలలో తరచు వినబడుతుంది. కాని ఈ మండలంలోని గోలి, రెంటాల, మంచికల్లు గ్రామాలు ఆంధ్రుల ప్రాచీన చరిత్రకు ముఖ్యమైన ఆధారాలను అందించినవన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. అందుకు ఒక కారణం, గోలి శిల్పాలు ఊరు విడిచి దూరాన ఉన్న ప్రదర్శనశాలకు చేరడం.

పల్నాటి రాయి

పల్నాడు సున్నపురాతి నేల. ఇక్కడ దొరికే లేత ఆకుపచ్చ ఛాయ గల తెల్లని సున్నపురాయి సన్నని చెక్కడానికి అనువైనది. అమరావతి, నాగార్జునకొండ, గోలి శిల్పాలన్నీ ఈ జాతి రాతి మీద చెక్కినవే. పాత పుస్తకాలలో దీనిని పాలరాయి అని వ్రాశారు గాని, భూగర్భశాస్త్ర రీత్యా ఇది పాలరాయి కాదు.

కాల్చితే సున్నమయ్యే గుణమే ఈ రాతికి కీడు కూడా తెచ్చిపెట్టినది. 18వ శతాబ్దం చివర కల్నల్ కాలిన్ మెకంజీ అమరావతిని చూసిన నాటి నుండి, తరువాత చాలా కాలం వరకు, స్తూపపు పలకలను పగులగొట్టి ఇతర కట్టడాలకు వాడుకోవడం, సున్నం కోసం కాల్చడం జరిగినవి. పల్నాడులో నేటికీ పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. దాచేపల్లి, మాచర్ల ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలు ఉన్నవి. పూర్వపు శిల్పుల ముడిసరుకే నేటి పరిశ్రమకూ ముడిసరుకు కావడం వలన, ఇక్కడి పురాతన దిబ్బలు మిగతా చోట్ల కంటె ఎక్కువ జాగ్రత్త కోరతాయి.

గోలి

గోలి వద్ద గల బౌద్ధ స్తూపపు శిథిలాలను 1926లో ఫ్రెంచి పండితుడు గాబ్రియేల్ జూవో-దుబ్రేయ్ వెలుగులోకి తెచ్చాడు. దొరికిన చెక్కడపు పలకలు మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు చేరినవి. వాటిని టి.ఎన్.రామచంద్రన్ సమగ్రంగా వర్ణించగా, ఆ గ్రంథాన్ని 1929లో మద్రాసు మ్యూజియం ప్రచురించినది.

ఈ పలకలలో పేరెన్నికగన్నది వెస్సంతర జాతక కథను చూపే పొడవైన పట్టిక. అడిగినవారికి లేదనకుండా రాజ్యపు మంగళగజాన్ని, ఎక్కి వెళ్ళే బండిని, చివరకు కన్నబిడ్డలను సైతం దానమిచ్చిన రాకుమారుని కథ ఇది. సన్నివేశాలకు నడుమ గీతలు ఉండవు. ఒకే మనిషి మరల మరల కనబడుతూ కథ ముందుకు సాగుతుంది. మన తోలుబొమ్మలాట చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. ఛద్దంత జాతకం, మదించిన నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన ఘట్టం కూడా గోలి శిల్పాలలో ఉన్నవి. అమరావతి శైలికి చివరి దశగా, నాగార్జునకొండ శిల్పానికి దగ్గరి చుట్టంగా వీటిని పండితులు భావిస్తారు.

ఆ పలకలు మద్రాసుకు తరలిపోకుంటే సున్నపు బట్టీకి పోకుండా ఊరిలోనే నిలిచేవని చెప్పలేము. అయితే గోలి బడిపిల్లలు తమ ఊరి పేరుతో ప్రసిద్ధమైన శిల్పాన్ని చూడాలంటే పొరుగు రాష్ట్రపు రాజధాని చెన్నైకి వెళ్ళవలసి ఉన్నదన్నది వాస్తవము.

రెంటాల, మంచికల్లు శాసనాలు

రెంటాలలో దొరికిన స్తంభ శాసనం ఇక్ష్వాకు వంశ స్థాపకుడైన వాసిష్ఠీపుత్ర శాంతమూలుని 5వ పాలనా సంవత్సరానికి చెందినది. ఆ వంశపు శాసనాలలో ఇది అతి ప్రాచీనమైన వాటిలో ఒకటి. మంచికల్లు శాసనం ప్రాకృత భాషలో ఉన్నది, పల్లవ సింహవర్మను పేర్కొంటుంది. కంచి పేరుతో కలిపి మనం చదువుకునే పల్లవుల తొలి శాసనాలలో ఒకటి పల్నాటి పల్లెలో లభించడం చరిత్రకారులను ఆలోచింపజేసినది. ఇక్ష్వాకుల తరువాత కృష్ణకు దక్షిణాన అధికారం ఎవరి చేతికి వచ్చినదో చెప్పడానికి దీనిని ఆధారంగా తీసుకుంటారు.

నాగార్జునకొండ

ఈ ప్రాంతపు కట్టడాలలో అగ్రస్థానం మాచర్ల మండలంలోని నాగార్జునకొండది. నల్లమల కొండల నడుమ, కృష్ణ ఒడ్డున ఉన్న లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసినది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఒక ప్రాచీన స్తంభాన్ని గమనించి ప్రభుత్వానికి తెలియజేయగా, శాసన విభాగపు తెలుగు సహాయకుడు ఎ.రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించాడు. తరువాత 1927-31 మధ్య ఎ.హెచ్.లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్.రామచంద్రన్ త్రవ్వకాలు జరిపారు. శాంతమూలుని సోదరి శాంతిశ్రీ పోషణలో వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో పూర్తయిన మహాచైత్యంలో ధాతువు లభించినది. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కొరకు చైత్యగృహం కట్టించినట్లు శాసనం ఉన్నది. బౌద్ధ విహారాలతో పాటు అష్టభుజస్వామి మొదలైన వైదిక దేవతల ఆలయాలు, హారీతి ఆలయం, మెట్ల వరుసలతో కూడిన క్రీడారంగం కూడా ఆ లోయలో ఉండేవి.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోవడం ఖాయమని అంతకు ముందే తెలిసినందున, 1954 నుండి 1960 వరకు ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయనంతటినీ త్రవ్వి, కొలిచి, చిత్రించారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండ మీద తిరిగి అమర్చారు. కొన్నిటికి నమూనాలు కట్టారు. క్రీడారంగం, హారీతి ఆలయం మొదలైనవి గట్టున గల అనుపులో పునర్నిర్మితమైనవి. కొండపై ప్రదర్శనశాల 1966లో ప్రారంభమైనది. 1967లో సాగర్ కాలువలకు నీరు విడుదలైనది. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కారణంగా అబూ సింబెల్ ఆలయాలను 1964-68 నడుమ పైకి తరలించిన సంగతి పాఠ్యపుస్తకాలలో కనబడుతుంది. ఇక్కడి పని అంతకు ముందే మొదలైనది.

సాగర్ నీరు పల్నాటి మెట్టపొలాలకు ప్రాణం పోసినదనడంలో సందేహం లేదు. దానికి చెల్లించిన మూల్యం, కట్టడాలను వాటి చోటు నుండి వేరుచేయడం. నదికి ఏ కట్టడం ఎంత దూరాన ఉండేదో, ఏ విహారానికి ఏది పొరుగో నేడు త్రవ్వకాల నివేదికలలో, పటాలలో మాత్రమే తెలుస్తుంది.

ఆలయాలు

మాచర్లలో చంద్రవంక ఒడ్డున ఉన్న లక్ష్మీచెన్నకేశవస్వామి ఆలయం పల్నాటి బ్రహ్మనాయుని పేరుతో ముడిపడినది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధానికి గుర్తుగా కారెంపూడిలో, నాగులేటి దగ్గర వీరుల గుడి ఉన్నది. ఏటా కార్తీక అమావాస్య నుండి ఐదు రోజులు జరిగే వీరారాధన ఉత్సవాలకు వీరాచారవంతులు తమ ఆయుధాలతో తరలివస్తారు. నకరికల్లు మండలం చేజెర్లలోని కపోతేశ్వరాలయం ఏనుగు వీపు ఆకారపు కప్పు గల ఇటుక కట్టడము. ఇది మొదట బౌద్ధ చైత్యమై, తరువాత శివాలయంగా మారినదని పలువురి అభిప్రాయము. పావురాన్ని కాపాడటానికి తన మాంసాన్ని కోసి ఇచ్చిన శిబి చక్రవర్తి కథ బౌద్ధులకూ, హిందువులకూ ఉమ్మడి కావడం ఈ సందర్భంలో గమనించదగినది. నిత్యపూజ జరుగుతున్నందున ఈ గుడి చోటు మారలేదు, రూపమూ చెడలేదు. పూజలు ఉన్న చోట సున్నాలు, రంగులు వేసి చెక్కడాలను కప్పివేసే అలవాటు మాత్రం మన ఊళ్ళలో ఇంకా పోలేదు.

చట్ట రక్షణ

నాగార్జునకొండ, చేజెర్ల, అమరావతి కేంద్ర పురావస్తు శాఖ అధీనంలోని రక్షిత స్థలాలు. వీటికి 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వర్తిస్తుంది. 2010 సవరణ ప్రకారం రక్షిత హద్దు నుండి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధము. దాని తరువాతి 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. రాష్ట్ర ప్రభుత్వం రక్షించే కట్టడాలకు 1960 నాటి రాష్ట్ర చట్టం ఉన్నది. ఈ రెండు జాబితాలలోనూ లేని శిలలు, దిబ్బలు, పాత గుళ్ళు పల్నాటి పొలాల్లో ఎన్నో ఉన్నవి.

భూమిలో దాగిన విలువైన వస్తువు ఏదైనా దొరికినప్పుడు, దాని విలువ 10 రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయవలెనని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతున్నది. దొరికిన చోటును, లోతును వ్రాసి ఉంచడం, రాయిని కదల్చకపోవడం పరిశోధకులకు మిక్కిలి ఉపయోగకరము.

చూడదలచినవారికి

నాగార్జునకొండ ద్వీపానికి విజయపురి సౌత్ నుండి పడవలో వెళ్ళవలెను. అనుపుకు రోడ్డు మార్గం ఉన్నది. గోలి శిల్పాలు చెన్నైలోని ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నవి.