హయలక్షణము – రోగలక్షణము : అశ్వనేత్ర పరిశీలన చరిత్ర

లక్షణమను పదమునకు తెలుగున రెండర్థములు ప్రసిద్ధములు. వస్తువును గుర్తించుటకు తోడ్పడు స్థిరమైన చిహ్నము మొదటిది. రోగమును సూచించు వికారము రెండవది. అశ్వశాస్త్ర గ్రంథముల పేళ్లలో కనబడు లక్షణము సాధారణముగ మొదటిదే. మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసము పేరే ఇందులకు నిదర్శనము. గుఱ్ఱమును కొనువాడు సుడులను, వన్నెను, అవయవముల పొందికను చూచును. ఆ చూపునకు ఒక్కమాఱు చాలును. రోగలక్షణ మట్లు కాదు. నిన్న కన్నెట్లుండెనో ఎఱిగినవానికే నేటి మార్పు గోచరించును. ఈ రెండు చూపులకు గల అంతరమే గుఱ్ఱపు కంటి వ్యాధుల చరిత్రను నడిపినదని మా అభిప్రాయము. దానిని ముఖ్యముగ ఒక వ్యాధి మూలమున ఇచట నిరూపింప యత్నింతుము.

కొనుగోలువాని చూపు నిరర్థకమైనది కాదు. క్రీ. పూ. 4వ శతాబ్దమున గ్రీకు రచయిత క్సెనొఫోన్ తన అశ్వారోహణ గ్రంథమున లోతుకన్నులకంటె ముందునకు వచ్చిన కన్నులే మేలనియు, అట్టి గుఱ్ఱము ఎక్కువ దూరము చూడగలదనియు చెప్పెను. ఇది శకునము కాదు, కారణముతో కూడిన పరీక్ష. మన దేశమున గుఱ్ఱము మిక్కిలి వెలగల వస్తువగుటచే అట్టి పరీక్ష మఱింత అవసరమయ్యెను. పోర్చుగీసు వర్తకుడైన నూనిజ్ వ్రాసిన దానినిబట్టి, విజయనగర ప్రభువు ఏటేట ఓర్ముజు గుఱ్ఱములను, దేశవాళి గుఱ్ఱములను 13,000 వఱకు కొనుచుండెను. సాళువ నరసింహుడు సముద్రమున చనిపోయిన గుఱ్ఱమునకు సయితము తోక చూపినచో వెల యిచ్చెనని అతడే చెప్పినాడు. ఇంత ధనము వెచ్చించి తెచ్చిన జంతువు చూపు కోల్పోయినచో యుద్ధమునకు పనికిరాదు. కావున కొన్న పిమ్మట దినదినము దాని కన్ను కనిపెట్టుట కూడ రాజకార్యములో భాగమే.

ఆ దినదిన దర్శనమువలన తెలిసివచ్చిన వ్యాధులలో ఆవర్తక నేత్రశోథ ముఖ్యమైనది. కంటిలోని రక్తనాళములు గల మధ్యపటలము వాచును. గుఱ్ఱము వెలుతురునకు ఓర్వలేక ఱెప్ప మూసికొనును. నీరు కారును. పాప ముడుచుకొనిపోవును. ముందటి పారదర్శక పటలము మసకబాఱును. కొన్ని దినములకు ఇవన్నియు తగ్గి కన్ను తేటపడును. కొన్ని వారములకో నెలలకో వ్యాధి మరల వచ్చును. వచ్చిన ప్రతిమాఱు లోపల కొంత చెఱుపు మిగిల్చి పోవును. తుదకు శుక్లము ఏర్పడి, గ్రుడ్డు కుంచించుకొనిపోయి, చూపు నశించును.

క్రీ. శ. 4, 5 శతాబ్దుల నాటి రోమను రచయిత వెగేషియస్ తన పశువైద్య గ్రంథమున ఈ కంటిని చంద్రసంబంధమైన పేరుతో పేర్కొనెను. కన్ను ఒకప్పుడు తెల్లబడి, వేఱొకప్పుడు తేటపడుట చంద్రకళల వృద్ధిక్షయములను స్ఫురింపజేసినది. ఆంగ్లమున నేటికిని దీనికి ‘మూన్ బ్లైండ్‌నెస్’ అను పేరు నిలిచియున్నది. ఇచట విమర్శకుడు రెండంశములను వేఱుపఱుపవలెను. వ్యాధి పోయి మరల వచ్చునను పరిశీలన సత్యము. చంద్రుడు కారణమను ఊహ అసత్యము. పేరు తప్పైనను, ఆ పేరు మోసికొనివచ్చిన అనుభవము తప్పు కాదు.

వ్యాధి మరల వచ్చునని తెలియనివారికి కలిగిన నష్టము రెండు విధములు. తేటపడిన కన్నును చూచి యజమాని వ్యాధి మానినదని చికిత్స మానివేయును. అదే తేట సమయమున విక్రేత గుఱ్ఱమును సంతకు తెచ్చినచో, ఒక్కమాఱు చూచు కొనుగోలువాడు మోసపోవును. స్థిరచిహ్నములను వెదకు చూపు కాలమును చూడజాలదు.

వ్యాధిని గుర్తించినను తగిన ప్రతిక్రియ తెలియనిచో ఫలమెంత క్రూరమగునో 19వ శతాబ్దపు చరిత్ర చెప్పుచున్నది. స్కాట్లండు శస్త్రవైద్యుడు జేమ్స్ వార్డ్రాప్ 1819లో గుఱ్ఱపు నేత్రవ్యాధులపై ప్రత్యేక గ్రంథము ప్రకటించెను. ఒక కన్ను చెడినపుడు రెండవదానిని కాపాడుటకై లాడములు కొట్టు పనివారిలో కొందఱు చెడిన కంటిలో సున్నము వేసియో, మేకు గ్రుచ్చియో దానిని నాశనము చేయుచుండిరని అతడు తెలిపెను. వినుటకు ఘోరమైన ఈ ఆచారమును వార్డ్రాప్ త్రోసివేయక, మనుష్యుల యందును ఒక కంటి వ్యాధి రెండవదానికి సోకునా యని ఆలోచించెను. అశ్వశాలలోని అనుభవము మానవ నేత్రవైద్యమునకు త్రోవ చూపిన ఘట్టమిది.

1851లో హెల్మ్‌హోల్ట్జ్ నేత్రాంతర్దర్శినిని ప్రకటించిన పిమ్మట కంటి లోపలి భాగము వైద్యునకు దృశ్యమయ్యెను. 1947లో జర్మనీలో రింపౌ ఈ వ్యాధికి లెప్టోస్పైరా అను సూక్ష్మజీవితో గల సంబంధమును రక్తపరీక్షలమూలమున సూచించెను. రోగగ్రస్తములైన ఎలుకలు మొదలగు జంతువుల మూత్రముచే చెడిన నీటిద్వారా ఈ జీవి వ్యాపించును. శరీరరక్షణశక్తి తన కంటిమీదనే తిరుగబడుటవలన వ్యాధి పునరావృత్తమగునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. చంద్రునకు అప్పగింపబడిన ఆవృత్తికి ఇట్లు శరీరముననే కారణము దొరకినది.

దీనికి భిన్నమైన ఉదాహరణ మొకటి కలదు. 1780 ప్రాంతమున ఫిలడెల్ఫియాలో ఒక గుఱ్ఱపు కంటిలో పురుగు కదలుట చూచి జనులు గుమిగూడిరి. అచటి విద్వత్సభ 1786లో ప్రకటించిన సంపుటమున దాని వివరము కలదు. భారతదేశపు గుఱ్ఱముల కన్నులలోని పురుగును గూర్చి అలెగ్జాండర్ కెనెడీ వ్రాసిన వ్యాసమును 19వ శతాబ్ది పూర్వార్ధమున ఎడింబరో రాయల్ సొసైటీ ప్రకటించెను. మన దేశపు గుఱ్ఱముల కంటిలో ఇట్లు కనబడునది తఱచుగా సెటేరియా జాతి పురుగు. దానికి సహజాశ్రయము పశువులు. దోమకాటుద్వారా గుఱ్ఱమునకు సోకి, దారి తప్పి కంటిని చేరును. కారణము కంటికి కనబడుటచే చికిత్సయు సూటియైనది. పటలమునకు రంధ్రము చేసి పురుగును తీసివేయుదురు.

నేటి వైద్యమున సయితము మొదటి మెట్టు పరిశీలనయే. పాప పైయంచున నల్లని చిన్న ముద్దలు గుఱ్ఱమునకు సహజములు. వానిని కంతులని భ్రమింపరాదు. నిన్న లేని మసక, కన్నీరు, అరమోడ్పు కన్ను, ముడుచుకొన్న పాప కనబడినచో ఆనాడే వైద్యుని పిలువవలెను. వైద్యుడు ఫ్లోరెసీన్ అను రంగు వేసి పటలముపై పుండు కలదేమో చూచును. పుండు లేని వాపునకు స్టిరాయిడ్ మందు మేలు చేయును. పుండు కలిగినచో అదే మందు కంటిని చెఱుచును. ముడుచుకొన్న పాపను అట్రోపిన్ విప్పును. ఇంటనున్న పాతమందును అడుగక వేయుట ఎంత ప్రమాదకరమో దీనివలన స్పష్టము.

ప్రాచీన అశ్వశాస్త్రములను పరిశోధించు విద్యార్థులకు ఈ చరిత్ర ఒక పద్ధతిని సూచించుచున్నది. గ్రంథకర్త చెప్పిన కారణము నేడు నిలువదని ఆ గ్రంథమును ప్రక్కకు నెట్టరాదు. కారణమును వేఱుచేసి, దానికి ముందు అతడేమి చూచెనో, ఎన్నిమాఱులు చూచెనో వెదకవలెను. హయలక్షణము రాజులకు ఎన్నికలో తోడ్పడినది. రోగలక్షణమును పట్టినవాడు మాత్రము ప్రతి ఉదయము అదే గుఱ్ఱపు ముఖమును చూచిన సాహిణి. అతని పేరు గ్రంథములకు ఎక్కకున్నను, అతని చూపు వానిలో నిలిచియున్నది.