ఆసనభేదమున నర్థభేదము: బషీర్‌బాగు, నందిగ్రామము, ముదిగొండ

ప్రజోద్యమముల యెడ రాజకీయ పక్షముల వర్తనము సిద్ధాంతము ననుసరించునా, ఆసనము ననుసరించునా యను ప్రశ్నకు సమాధానము ఎన్నికల ప్రణాళికలలో దొరకదు. తుపాకి పేలిన నాడు ఆయా పక్షములు పలికిన పలుకులలోనే దొరకును. ఇందులకు ఏడేండ్లలో జరిగిన మూడు ఘటనలు ప్రమాణములుగా గ్రహింపదగినవి.

2000 ఆగస్టు 28న, విద్యుచ్ఛార్జీల పెంపును నిరసించుచు వామపక్షములును కాంగ్రెసును చేపట్టిన యుద్యమములో భాగముగా శాసనసభకు తరలిన జనముపై హైదరాబాదు బషీర్‌బాగులో పోలీసులు కాల్పులు జరుపగా, ముగ్గురు ప్రాణములు గోల్పోయిరి. విద్యుత్సంస్కరణలు అనివార్యములనియు, శాంతిభద్రతల రక్షణము తన విధి యనియు నాటి తెలుగుదేశం ప్రభుత్వము వాదించెను. ప్రతిపక్షములు దానిని ప్రజాహింసగా నిరసించెను.

2007 మార్చి 14న పశ్చిమ బెంగాలులోని నందిగ్రామమున, రసాయన పరిశ్రమలకై తమ భూములు పోవునను భీతిచే త్రోవలు త్రవ్వి గ్రామములకు కాపు గాచిన రైతులపై కాల్పులు జరుగగా 14 మంది మరణించిరి. బషీర్‌బాగు దారుణమును ఖండించిన మార్క్సిస్టు పక్షమే అచ్చట అధికారమున నుండెను. పోలీసులు అడుగిడజాలని గ్రామములలో పాలనమును పునరుద్ధరించుటకే బలగములను పంపితిమని యది సమర్థించుకొనెను. మరునాడే కలకత్తా హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించెను.

నాలుగున్నర నెలలు గడచెనో లేదో, జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో, పేదలకు భూమి పంచుమని వామపక్షములు బంద్ పాటించుచుండగా పోలీసు తూటాలకు ఏడుగురు బలియైరి. ఈమారు అధికారము కాంగ్రెసుది, ఆక్రోశము మార్క్సిస్టులది, ఖండించినవారిలో తెలుగుదేశమును గలదు.

ఈ మూడింటి హేతువులు వేరు: ఒకచోట ఛార్జీ, ఒకచోట పోవు భూమి, వేరొకచోట కోరిన భూమి. అయినను పాలకుల భాష యొక్కటే, ప్రతిపక్షముల భాష యొక్కటే. మారినది వక్త మాత్రమే. పాలనాభారము వహించినవాడు ఖజానాను, శాంతిని గూడ చూడవలసియుండును గనుక వాని మాట మారుట సహజమని యొక యాక్షేపము కలదు. అందు కొంత సత్యము లేకపోలేదు. బాధ్యత ధరను మార్చవచ్చును, భూవిధానమును మార్పవచ్చును. పౌరుని ప్రాణమును తూచు తూనికరాయిని మాత్రము మార్పరాదు. నిరాయుధముగా, శాంతియుతముగా సమావేశమగు హక్కును రాజ్యాంగము 19వ అధికరణమున ప్రసాదించినపుడు, దానికి విధించు పరిమితులు సమంజసములై యుండవలెనని శాసించినదే కాని, పాలకపక్షమును బట్టి మారవచ్చునని చెప్పలేదు.

కావున ఒక పక్షము చిత్తశుద్ధికి పరీక్ష పరుల కాల్పులను ఖండించుటలో లేదు. పరుల ప్రభుత్వమునుండి కోరిన విచారణనే తన ప్రభుత్వమునుండియు కోరుటలో నున్నది. బషీర్‌బాగు మృతుల స్మారక స్తూపమునకు పూలమాల వేయు చేయి, అధికారమున నున్న నాడు ముదిగొండలోను, నందిగ్రామమునను మృతుల యిండ్ల తలుపు తట్టగలిగినపుడే ఆ పూలమాలకు అర్థము కలుగును.