పాలపద్దు పక్కన జోలపాట

2019 జూన్‌లో ఒక రాత్రి నా లాప్‌టాప్ ఆగిపోయింది. తెల్లారి రిపేరు షాపుకి తీసుకెళ్లాను. అక్కడి అబ్బాయి చాలా మర్యాదస్తుడు. సాయంత్రం ఫోన్ చేసి, "ఫార్మాట్ చేసి మళ్లీ విండోస్ వేశాం మేడమ్, ఇప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అన్నాడు. అందులో నా ఫొటోలున్నాయన్నాను. "పెళ్లి ఫొటోలా మేడమ్?" అని నిజంగానే బాధపడ్డాడు. కాదు, ఒక పాత నోటుపుస్తకం ఫొటోలు అన్నాను. అతని గొంతులో బాధ తగ్గిపోయింది. "ఆ పుస్తకం మళ్లీ తీసుకోవచ్చు కదా మేడమ్" అన్నాడు.

తీసుకోవడానికి ఆ పుస్తకం లేదు. 2014లో పిహెచ్.డి. పని మీద తూర్పు గోదావరిలో ఒక ఊరు వెళ్లినప్పుడు, డెబ్భై దాటిన ఒకావిడ తన అత్తగారి పుస్తకమని నా చేతిలో పెట్టారు. ఆ అత్తగారు అచ్చులో ఒక్క అక్షరం చూసుకోని మనిషి. ఇంటివాళ్ల కోరిక మేరకు ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. పాటలు, పద్యాలు, మధ్యమధ్య ఇంటి పద్దులు. రెండు రోజులు కూర్చుని, చిన్న డిజిటల్ కెమెరాతో 412 ఫొటోలు తీశాను. 2016లో ఆ ఇల్లు అమ్మేశారు. అటక మీది కాగితాలన్నీ పాతపేపర్లవాడి తక్కెట్లోకెళ్లాయి. ఆ తర్వాత ఆ పుస్తకానికి ఈ లోకంలో మిగిలిన చోటు నా డిస్కు ఒక్కటే. ఇంకో నకలు ఎందుకు పెట్టుకోలేదని అడగకండి. మూడేళ్లుగా నన్ను నేనే అడుగుతూ వచ్చాను.

కొంచెం సాంకేతిక విషయం చెప్పక తప్పదు. ఫార్మాట్ అనగానే మనం పలక తుడిచినట్టు ఊహించుకుంటాం. మామూలుగా చేసే క్విక్ ఫార్మాట్ చేసేది అది కాదు. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను మాత్రం కొత్తగా మొదలుపెడుతుంది. లోపలి సరుకు చాలావరకు ఉన్నచోటే ఉంటుంది. కానీ పట్టికలో లేదు కాబట్టి యంత్రం దృష్టిలో అది ఖాళీ జాగా. ఆ జాగాలో కొత్తది రాస్తే మాత్రం పాతది నిజంగానే పోతుంది. అందుకే పోయిందని తెలియగానే ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకుండా, దాన్ని బయటికి తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించి, దొరికినదాన్ని మరో డిస్కులోకి ఎత్తుకోవాలి. నా విషయంలో కొత్త విండోస్ అప్పటికే తన చోటు తను ఆక్రమించుకుంది. (ఇప్పటి ఎస్ఎస్‌డీల్లో ఈమాత్రం ఆశ కూడా తక్కువే. ఖాళీ అని తెలిసిన జాగాను ట్రిమ్ అనే ఏర్పాటుతో అవి తామే శుభ్రం చేసుకుంటాయి.)

స్త్రీల సాహిత్య చరిత్ర చదువుకున్నవాళ్లకు ఈ పట్టిక సంగతి కొత్తగా అనిపించదు. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో 'హిందూసుందరి'లో అచ్చయింది. గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది. అయినా దశాబ్దాలపాటు తొలి కథ అంటే 'దిద్దుబాటే'. అచ్చమాంబ కథను ఎవరూ తగలబెట్టలేదు. పట్టికలో లేదు, అంతే. అయితే ఈ పోలికను మరీ సాగదీయకూడదు. యంత్రానికి పక్షపాతం లేదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము' చరిత్ర చూడండి. 1887 ముద్రణలో పరిష్కర్త పీఠిక భాగాన్నే తీసేశాడు. తన ఇంటి ఆడవాళ్ల పేర్లతో కవయిత్రి తనను తాను పరిచయం చేసుకున్న చోటు అది. బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని రాతప్రతితో సరిచూసి, వదిలేసిన పద్యాలను చేర్చి 1910లో పూర్తి పుస్తకం తెచ్చింది. 1911లో ప్రభుత్వం నిషేధించింది. 1947లో ప్రకాశం ప్రభుత్వం ఆ నిషేధం ఎత్తేసింది. అక్కడ జరిగినవేవీ పొరపాట్లు కావు. ఎవరు తీసేశారో, ఎవరు తిరిగి పెట్టారో పేర్లతో సహా తెలుసు. నా కథలో తీసేసినవాళ్లెవరు? షాపు అబ్బాయి అనే నేను చాలాకాలం అనుకున్నాను.

కొత్త లాప్‌టాప్ కొనుక్కుని, పాత డిస్కును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాను. పోయిందనే అనుకున్నాను గానీ పారేయబుద్ధి కాలేదు. అదే మేలైంది. 2022లో ఒక స్నేహితురాలు ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం గురించి చెప్పింది. అది పట్టికను అసలు చూడదు. డిస్కు మొదటి నుంచి చివరిదాకా వెతుక్కుంటూ పోతుంది. ప్రతి జేపెగ్ ఫొటో ఒకే రకమైన గుర్తుతో మొదలవుతుంది. ఆ గుర్తు కనబడితే ఇక్కడో ఫొటో ఉందని పట్టుకుంటుంది. రాత్రంతా నడిచి పొద్దున్నకి వేలకు వేల బొమ్మలు కుప్ప పోసింది. ఎప్పుడో ఇంటర్‌నెట్‌లో చూసిన చీరల ప్రకటనలు, రైలు టికెట్ల పేజీలో గుర్తులు, ఎవరివో పసుపు దంచే ఫొటోలు, వాటి మధ్య నా నోటుపుస్తకం పుటలు.

పేర్లు లేవు. పేర్లు పట్టికలో ఉంటాయి, పట్టిక పోయింది. ఒక్కో ఫైలుకి ఒక ఎఫ్ అక్షరం, డిస్కులో అది దొరికిన చోటు సంఖ్య. చెడిపోయినవాటిని కూడా ఉంచమని ముందే చెప్పాను కాబట్టి వాటికి బీ అక్షరం. ఫొటోల లోపల దాగి ఉండే చిన్న నమూనా బొమ్మలకు టీ అక్షరం. వారం రోజులు వేరుచేసి లెక్కపెట్టుకున్నాను. మొత్తం పుట 337 ఫొటోల్లో ఉంది. 31 ఫొటోల్లో పై సగం పుట, కింద బూడిదరంగు పలక. ఆ 31కీ తపాలా బిళ్లంత నమూనా బొమ్మ పూర్తిగా వచ్చింది. అక్షరం చదవలేం గానీ పంక్తుల పొడవును బట్టి పద్యమో పద్దో చెప్పొచ్చు. 44 అసలే లేవు.

ఇక వరస. పుస్తకానికి పుటల అంకెలు లేవు. అయితే కెమెరా ప్రతి ఫొటోలోనూ తీసిన తేదీ, గంట, నిమిషం, సెకను రాసిపెడుతుంది. తెరిచి చూస్తే అన్నిటిమీదా 2010 జనవరి. అక్కడికి వెళ్లేముందు బ్యాటరీ పూర్తిగా అయిపోయి కెమెరా గడియారం మళ్లీ మొదటికొచ్చింది, నేను సరిచేయలేదు. తేదీ అబద్ధమే గానీ వరస నిజం. ఆ సెకన్లను పట్టుకుని పుటలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయాను.

నేను చూడాలనుకోనిది అప్పుడే చూశాను. పాటలు, పద్యాలు ఉన్న పుటల దగ్గర ఒక్కో ఫొటోకి నలభై, యాభై సెకన్లు పట్టింది. వెలుతురు చూసుకున్నాను, పుట సర్దుకున్నాను, అనుమానమొస్తే రెండోసారి తీశాను. పద్దుల పుటల దగ్గర ఆరు సెకన్లు, ఏడు సెకన్లు. కొన్నిటిలో నా బొటనవేలు కూడా పడింది. అసలు వాటిని తీయకూడదనే అనుకున్నాను. "అదేంటమ్మాయ్, పాటలు తీసుకుని పద్దులొదిలేస్తావా? పుస్తకం ఒకటే కదా! తీస్తే అన్నీ తియ్యి" అని ఆ కోడలుగారు పట్టుబడితే, ఆవిడ మాట కాదనలేక తీశాను. ఇంటికొచ్చాక రెండు ఫోల్డర్లు చేశాను. ఒకదాని పేరు 'రచనలు', రెండోదాని పేరు 'ఇతరాలు'. మొదటిదాన్ని అక్షరం అక్షరం ఎత్తి రాసుకున్నాను, థీసిస్‌లో చేర్చాను. రెండోదాన్ని మళ్లీ తెరిచిన గుర్తు లేదు. స్త్రీలకు అచ్చులో చోటు దొరకని వైనం మీద మూడు వందల పుటలు రాసిన మనిషిని నేను.

డిస్కు పోవడంతో ఆ ఫోల్డర్లు కూడా పోయాయి. ఇప్పుడు అన్నీ కలగలిసి, ఆవిడ రాసుకున్న వరసలోనే నా ముందున్నాయి.

ఒక జోలపాట గురించి చెప్పాలి. థీసిస్‌లో దాని గురించి ఒక పేరా రాశాను. మొదటి చరణం లోపించిందన్నాను. చేతిరాతను బట్టి 1950ల నాటిది కావచ్చన్నాను. కృష్ణుడి జోలపాటల ఒరవడిలో సాగిన అనుకరణ, స్వీయానుభవం కనిపించదు అన్నాను. ఆ పాట ఫొటోకి ఆరు సెకన్ల ముందు తీసినది ఒక పద్దుల పుట. పైన ఈశ్వర సంవత్సరం, ఆషాఢం అని ఉంది. అంటే 1937. మంత్రసానికి రూపాయి, ఒక పాత చీర. ఆముదం. వాముకి కానీ. ఆ తర్వాత వరసగా, రోజుకొక్కటి చొప్పున, మేకపాలు అర్ధణా, మేకపాలు అర్ధణా. పదకొండు రోజులు. పన్నెండో రోజున పాలు లేవు, మరే ఖర్చూ లేదు. ఆ కింద ఒక వేలెడు ఖాళీ వదిలి, అదే సిరాతో రెండు పంక్తులు. పాట మొదటి చరణం అదే. పుట తిప్పితే రెండోది.

ఆ పాట ఎంత గొప్పదో తేల్చడానికి ఇదంతా చెప్పడం లేదు. నిజానికి అందులో కృష్ణుడూ ఉన్నాడు, ఒరవడీ ఉంది. కానీ "స్వీయానుభవం కనిపించదు" అన్నది ఆ పుటను ఆరు సెకన్లు చూసిన మనిషి. మేకపాలు పద్దుని సాహిత్యం నుంచి వేరు చేసింది ఆవిడ కాదు. ఆవిడకి ఉన్నవి ఒకటే పుస్తకం, ఒకటే కలం. రిపేరు షాపు అబ్బాయి పట్టిక తుడిచాడు. అంతకు అయిదేళ్ల ముందే నేను నా పట్టిక రాసుకున్నాను.

నష్టం లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. దొరకని 44లో 12 పాటల పుటలని నా రాతప్రతితో సరిచూస్తే తెలిసింది. వాటి పాఠం థీసిస్‌లో భద్రంగా ఉంది. మిగతా 32 పద్దుల పుటలే అయ్యుండాలి. అవి నేను చదవనేలేదు. వాటిలో ఏ పాటకి ఏ మొదలుందో ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. సగం పోయిన 31లో పద్దులు పద్దెనిమిది. వాటి తపాలా బిళ్లల్లో అడుగున పొడవాటి పంక్తులు రెండు చోట్ల కనిపిస్తున్నాయి. భూతద్దం పెట్టినా అంతకుమించి రావు.

కోడలుగారికి ఫోన్ చేశాను. ఆవిడకి ఎనభై దాటాయి, చెవులు కాస్త మందం. ఆషాఢం, మేకపాలు అని రెండుసార్లు గట్టిగా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "మావారి కంటే ముందు ఒక పిల్ల పుట్టి పోయిందని అనేవారమ్మా. బారసాల కాకుండానే. అత్తగారు మాత్రం ఎప్పుడూ ఎత్తేవారు కాదు" అన్నారు. తర్వాత, "పద్దులు తియ్యమన్నది నేనే కదూ?" అన్నారు.

"అవును మామ్మగారూ, మీరే."

"మిగతావి కూడా చదివావా?"

ఇంకా నూట నలభై పుటలున్నాయని చెప్పాను.

"మరి చదువు. చదివి మళ్లీ ఫోన్ చెయ్యి" అని పెట్టేశారు.