జూన్ 1న పుట్టని మనోళ్ల చరిత్ర

పోస్ట్ కొంచెం పెద్దగనే ఉంటది. మెస్ లైన్‌లో నిలబడి సగం, తిన్నాక సగం చదివినా పర్వాలేదు. కానీ మొత్తం చదవండి.

ముందు మీ నాన్న ఆధార్ కార్డు గుర్తు చేసుకోండి. పుట్టిన తేదీ జూన్ 1 అని ఉందా? మా నాన్నది అదే. చిన్నాన్నదీ అదే. పెదనాన్నదీ అదే. ముగ్గురు అన్నదమ్ములు, సంవత్సరాలు వేరు, తేదీ మాత్రం ఒక్కటే. బడిలో పేరు రాయించేటప్పుడు సార్ తారీఖు అడిగిండు. దాదికి తారీఖు తెలియదు. బడి తెరిచే నెల కదా అని సార్ జూన్ 1 వేసిండు. గ్రూప్‌లో చాలామంది ఇళ్లల్లో ఇదే కథ అని నాకు తెలుసు.

మొన్న ఒక సర్టిఫికెట్ పని మీద ఒక ఆఫీసుకు పోయిన. మీ తాత కాలం నాటి కాగితం ఏదైనా ఉందా అని అక్కడ అడిగిండ్రు. లేదన్న. అయితే మీకు రికార్డే లేదన్నమాట అన్నరు. ఆ మాట నాలుగు రోజులు తలలో తిరిగింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. మా తాతకు సంతకం రాదు. మరి రికార్డు లేదన్న మాట నిజమేనా? దాదిని అడుగుతూ, లైబ్రరీలో చదువుతూ నాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్న. రికార్డు ఉంది. మన తండాల్లో పుట్టుక, పెళ్లి, రోగం, చావు అన్నీ పండుగల్లో, ఆ పండుగకు వండే వంటల్లో నమోదై ఉన్నాయి.

నడిచే ఊరికి బీరువా ఎక్కడిది?

లంబాడీలు ఒక చోట ఉండి బతికిన జాతి కాదు. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని దేశమంతా తిరిగినోళ్లు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడికి ఉత్తర భారతంలో దారిలో ఒక తండా ఎదురైంది. అందులో 14,000 ఎడ్లు ఉన్నాయని ఆయన రాసుకున్నడు. మొగలుల సైన్యాలకు, తర్వాత దక్కన్‌లో ఇంగ్లీషు సైన్యాలకు కూడా తిండిగింజలు మోసింది మనోళ్లే. తండా అంటే అప్పుడు ఊరు కాదు, నడిచే గుంపు.

తర్వాత రోడ్లు, రైళ్లు వచ్చినయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం పడింది. ఎద్దు మోసే సరుకు రైలెక్కింది. వ్యాపారం పోయి పశువుల పెంపకం, చెలకల్లో సాగు, కూలి మిగిలినయి. నిజాం పాలనలో లంబాడీల బతుకు ఎట్లా మారిందో ప్రొఫెసర్ భంగ్యా భూక్యా 2010లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాసిండు. మన జాతి మనిషే మన చరిత్ర రాసిండు. దొరికితే తప్పకుండా చదవండి.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. తిరిగే జాతులను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టిన చట్టం అది. దాని నీడ లంబాడీల మీద కూడా పడింది. స్వతంత్రం వచ్చినాక 1952లో గానీ ఆ ముద్ర చట్టం నుంచి పోలేదు. అంటే ప్రభుత్వ కాగితం మన దగ్గరికి మొదట వచ్చింది మనల్ని గుర్తుంచుకోవడానికి కాదు, కాపలా కాయడానికి. ఎస్టీ జాబితా కాగితం చాలా తర్వాత వచ్చింది. తెలంగాణ లంబాడీలు ఆ జాబితాలోకి వచ్చింది 1976 సవరణ చట్టంతోనే. అట్లాంటప్పుడు తాత కాలం కాగితం ఎక్కడ దొరుకుతది?

మరి వంశాలు ఎవరు గుర్తుపెట్టుకున్నరు? భాట్‌లు, ఢాడీలు. వాళ్లు వచ్చి రాథోడ్, పవార్, చౌహాన్, వడ్త్యా గోత్రాల పేర్లు తరతరాలుగా పాడేవాళ్లు. వాళ్లు రాని రోజుల్లో ఇంటి లెక్క ఆడవాళ్ల దగ్గర ఉండేది. ఆ లెక్క ఏడాది పొడవునా ఎట్లా నడుస్తదో చూడండి.

నాలుగు పండుగలు, నాలుగు పేజీలు

మొదటి పేజీ పుట్టుక. ఆ ఏడాది మగపిల్లాడు పుట్టిన ఇంట్లో హోళి నాడు ఢూండ్ చేస్తరు. గేరియాలు, గేర్ణీలు పాటలతో ఆ ఇంటి ముందుకు వస్తరు. పెద్దలు దీవిస్తరు, ఇంటివాళ్లు తీపి వండి తండాకు పంచుతరు. ఈ హోళికి ఢూండ్ అయ్యిందంటే, ఆ పిల్లాడు పోయిన హోళికీ ఈ హోళికీ మధ్య పుట్టినట్టు. మా పెదనాన్న ఢూండ్ ఎప్పుడంటే దాది తడుముకోకుండా చెప్తది: సాగర్ కాలువలకు నీళ్లు వదిలినాక వచ్చిన హోళి. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అంటే ఆయన 1967 హోళికీ 1968 హోళికీ మధ్య పుట్టిండు. ఆధార్‌లో 1970 అని ఉంది. పోతే పోయిందిలే అనుకునే తేడా కాదది. ఇటుకలు మోసి నడుం వంగిన మనిషికి పింఛను రెండేళ్లు వెనక్కి పోతది.

రెండో పేజీ రోగం. ఆషాఢంలో మంగళవారం నాడు సీత్లా పండుగ. తండా బయట చెట్టు కింద ఏడు రాళ్లు నిలబెడతరు. మేరామా, తుళ్జా, సీత్లా, మంత్రాల్, కంకాళి, హింగ్లా, ధ్వాళంగర్, ఏడుగురు అక్కచెల్లెళ్లు. పిల్లలు, పశువులు సల్లగుండాలని మొక్కి లాప్సి, గుగ్గిళ్లు పెడతరు. మొక్కు ఉన్నోళ్లు కోడినో మేకనో ఇస్తరు. సీత్లా అంటే మశూచికి మొక్కిన తల్లి. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో వచ్చింది, 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. రోగం పోయినా పండుగ ఉంది. ఎందుకంటే ఆ రోగంతో పోయిన పిల్లల గుర్తు ఇంకెక్కడా లేదు.

మూడో పేజీ ఆడపిల్లలు. శ్రావణంలో తీజ్, తొమ్మిది రోజులు. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో పుట్టమన్ను, ఎరువు కలిపి గోధుమలు చల్లి మూడు పూటలా నీళ్లు పోస్తరు. నానబెట్టిన శనగలు రేగు ముళ్లకు గుచ్చేటప్పుడు వరసైనోళ్లు వచ్చి కొమ్మ ఊపుతుంటే నవ్వులే నవ్వులు. ఏడో రోజు ఢమోళి, మేరామాకు చుర్మో పెడతరు. చివరి రోజు మొలకలు నీళ్లలో కలిపేటప్పుడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల కాళ్లు కడుగుతరు. పోయినసారి బుట్ట పట్టిన పిల్ల ఈసారి లేదంటే పెళ్లై పోయిందని లెక్క. ఎవరి బుట్టలో గోధుమ ఎంత ఏపుగా వచ్చిందో చూసి అమ్మలక్కలు సంబంధాలు మాట్లాడుకునేది కూడా అక్కడే.

నాలుగో పేజీ చావు. దవాళి అమావాస్య రాత్రి పెళ్లికాని పిల్లలు దీపాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి మేర అడుగుతరు. మా తండాలో అయితే ఆ ఏడాది మనిషి పోయిన ఇంటి ముందు పాట ఆగుతది. పిల్లలు కూర్చొని ఏడుస్తరు, తర్వాతే ముందుకు కదులుతరు. తెల్లారి పెద్దలను తలుచుకొని, పోయినోళ్ల పేర్లు ఒక్కొక్కటి చెప్పి నిప్పుల మీద వాళ్ల వాటా వేస్తరు. మా దాది ఏడు తరాల పేర్లు చెప్తది. నాకు నాలుగు వచ్చు.

ఇది ఒక్క లంబాడీల సంగతే కాదు. గ్రూప్‌లో గోండు అన్నలున్నరు, వాళ్లకు తెలుసు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తరు, దాన్నే భేటింగ్ అంటరు. ఆ పరిచయం అయ్యాకనే ఆమె ఆ వంశం మనిషి. ప్రధాన్‌లు కింగ్రీ వాయిస్తూ వంశ కథలు చెప్తరు. పెళ్లి రిజిస్టర్ వాళ్లకు గుడిలో ఉంది, మనకు బుట్టలో ఉంది.

సాగర్ రోడ్డు మీద వచ్చిన కబుర్లు

దేవరకొండ చుట్టుపక్కల తండాలోళ్లకు హైదరాబాద్ అంటే మొదట ఎల్బీనగరే. కొండమల్లేపల్లి, చింతపల్లి, మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం దాటి బస్సు సాగర్ రింగ్ రోడ్డుకు చేరుతది. కరువు వచ్చినప్పుడల్లా మనోళ్లు ఈ రోడ్డు మీదనే వచ్చిండ్రు. అడ్డా మీద నిలబడ్డరు, బిల్డింగులు కట్టిండ్రు, ఆటోలు తోలిండ్రు. సైదాబాద్ దిక్కు సింగరేణి కాలనీ గుడిసెల్లో ఇప్పటికీ మన మాట వినపడతది. తర్వాతి తరం మనం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లకు, హాస్టళ్లకు వచ్చినం. 2018 సెప్టెంబర్‌లో ఎల్బీనగర్ మెట్రో మొదలైనాక అమీర్‌పేట కూడా దగ్గరైంది.

కబురు ఎట్లా వచ్చేది? మా పెదనాన్న కాలంలో కార్డు ముక్క వచ్చేది, దాన్ని చదివి చెప్పడానికి ఒక మనిషి కావాలి. అందుకే కబురు కార్డు మీద కంటే బస్సులో ఎక్కువ వచ్చేది. డ్రైవర్‌కు చెప్పి జొన్న రొట్టెల మూట పంపేవాళ్లు. మూటలో చుర్మో ఉంటే ఇంట్లో మంచి జరిగిందని అర్థం. ఊరి నుంచి ఆడమనిషి వస్తే, ఇక్కడి ఆడవాళ్లు మెడ మీద చేయి వేసుకొని రాగం తీసి ఏడ్చేవాళ్లు. చూసేవాళ్లకు ఎవరో చచ్చిపోయినట్టు ఉంటది. వింటే ఆ ఏడుపులో ఎవరు పుట్టిండ్రు, ఎవరు పోయిండ్రు, ఎవరి ఎద్దు అమ్ముకున్నరు, అన్నీ ఉంటయి.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినప్పుడు మా పెదనాన్న కొడుకు అక్కడే హాస్టల్‌లో ఉండి చదువుతున్నడు. నాకు అప్పుడు ఊహ తెలిసీ తెలియని వయసు. రాత్రి పది దాకా అన్న ఫోన్ కలవలేదు. మా వాడ వాళ్లంతా పెదనాన్న ఇంటి ముందు కూర్చున్నరు. పెద్దమ్మ సీత్లాకు మొక్కింది. అన్న ఫోన్ ఎత్తినాకనే పొయ్యి వెలిగింది. ఆషాఢంలో మొక్కు తీర్చి లాప్సి తండా అంతా పంచిండ్రు. ఇప్పటికీ మా ఇంట్లో లాప్సి వండితే ఎవరో ఒకరు ఆ రాత్రి కథ ఎత్తుతరు. ఆ రోజు ఇంటికి రాని పిల్లలు కూడా ఉన్నరు. వాళ్ల పేర్లు కూడా ఏదో ఒక ఇంటి పండుగలో ఉండే ఉంటయి.

రిజిస్టర్‌లో లేని పేర్లు

పొగుడుకోవడం వరకే అయితే ఈ పోస్ట్ అక్కర్లేదు. మన రిజిస్టర్‌లో ఖాళీలున్నాయి. ఢూండ్ మగపిల్లలకే చేస్తరు. అందుకే మా మేనత్తలు ఎప్పుడు పుట్టిండ్రో దాదికి కూడా సరిగా గుర్తులేదు. మా చిన్నాన్న బిడ్డ పుట్టినప్పుడు ఇంట్లో పెద్ద పంచాయితీ అయ్యింది, చివరికి దాదే కూర్చొని ఢూండ్ చేయించింది. ఆమె మారింది కదా, మనం మారలేమా?

రెండోది భాష. గోర్ బోలికి సొంత లిపి లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు లేదు. పాట పోతే లెక్క పోతది. హాస్టల్‌లో మనం కూడా ఒకరితో ఒకరం తెలుగులోనే మాట్లాడుకుంటున్నం.

మూడోది వంట. వానాకాలం తుమ్మికూర, చలికాలం ఉడకేసిన అనపగింజలు, ఎండాకాలం జొన్న గట్క. ఏ నెలలో ఏం తిన్నరో చెప్తే దాది ఆ నెలలో ఏం జరిగిందో చెప్తది. తుమ్మికూర తినే రోజుల్లో మీ నాన్నకు పాము కుట్టింది అంటది. మెస్‌లో మనకు పన్నెండు నెలలూ ఒకటే సాంబారు. అన్ని నెలలూ ఒకటే రుచి అయితే ఏ నెల గుర్తుంటది?

కనీసం చుర్మో చేసుకోండి, స్టవ్ కూడా అక్కర్లేదు. మెస్‌లో వేడి చపాతీలు నాలుగు తీసుకోండి. వేడి మీదనే చేత్తో చిన్నగా నలపండి, చల్లారితే బెల్లం పట్టదు. గుప్పెడు తురిమిన బెల్లం, రెండు చెంచాల నెయ్యి వేసి పిసకండి. దేవుడికి ముద్ద తీసిపెట్టి రూమ్‌లో అందరికీ పంచండి. నమ్మకం లేనోళ్లు, చర్చికి పోయే మిత్రులు ఉంటే వాళ్లకూ పెట్టండి. పంచకుండా తింటే అది చుర్మో కాదు, బెల్లం చపాతి.

చివరగా ఒక పని. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు దాదినో అవ్వనో నాలుగు ప్రశ్నలు అడగండి. నాన్న పుట్టినప్పుడు ఏ పండుగ దగ్గర్లో ఉంది, ఆ ఏడాది ఊర్లో ఏం జరిగింది? అమ్మ పుట్టినప్పుడు? మన ఇంట్లో చిన్నతనంలో పోయిన పిల్లల పేర్లేంటి? ఏ దేవుడికి ఏం వండి పెడతరు, ఎందుకు? చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటలోనే, తెలుగు అక్షరాల్లో రాసి గ్రూప్‌లో పెట్టండి. కోయ, గోండు, చెంచు, ఎరుకల, అందరూ రాయండి.

మా దాదికి ఎనభై దాటినయి. మిగిలిన మూడు తరాల పేర్లు నేను దవాళి దాకా ఆగకుండా ఈ వారమే రాసుకుంటున్న. మీరు కూడా ఆగకండి.