ఇసుకలో ఓనమాలు, నోట్లో అమరం

తెలంగాణలోని సుల్తానాబాద్‌కు పడమర వేములవాడ, వాయవ్యాన గోదావరి ఒడ్డు ధర్మపురి, తూర్పున మంథని. మూడూ గుళ్ల ఊళ్లే, మూడూ చదువుల ఊళ్లే. కరీంనగర్ దగ్గరి కురిక్యాలలో, బొమ్మలగుట్ట బండ మీద పదో శతాబ్దంలోనే జినవల్లభుడు సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ శాసనం చెక్కించాడు. తెలుగులో దొరికిన తొలి కందపద్యాలు అందులోనివే. అలాంటి నేల మీద చిన్నపిల్లల చదువు వెయ్యేళ్ల తర్వాత కూడా పద్యంతోనే మొదలయ్యేది.

నిజాం కాలంలో ఇంటి అరుగు మీదో, గుడి మంటపంలోనో ఒక్క పంతులు నడిపే బడిని ఖాన్గీ బడి అనేవారు. ఆ పంతులుకు సర్కారు జీతం లేదు. తల్లిదండ్రులు కొలిచే గింజలు, దసరాకు పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిరిగితే వచ్చే కానుకలు, అంతే. పిల్లవాడు మొదట ఇసుకలో వేలు పెట్టి ఓనమాలు దిద్దేవాడు. అక్షరాలు కుదిరాక ఎక్కాలు, పెద్దబాలశిక్ష, సుమతి శతకం, వేమన పద్యాలు. ఆ పైన పోతన గజేంద్రమోక్షం, రుక్మిణీకల్యాణం. సంస్కృతం వైపు నడిచేవాడికి శబ్దమంజరి, పదిహేను వందల శ్లోకాల అమరకోశం, తర్వాత కాళిదాసు రఘువంశం. దేశమంతటా ఆ రఘువంశాన్ని విద్యార్థులకు విప్పిచెప్పిన వ్యాఖ్య రాసింది కూడా తెలంగాణవాడే: మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి.

పద్యం ముందు నోటికి రావాలి, అర్థం ఆ తర్వాత వస్తుంది. ఇదీ పద్ధతి. చిలకపలుకులని దీన్ని తీసిపారేయడం తేలిక. కానీ ఏడేళ్ల పిల్లవాడి జ్ఞాపకం ఎంత పట్టు గలదో ఆ పంతుళ్లకు బాగా తెలుసు. అదే వయసులో ఇంగ్లండు గ్రామర్ స్కూళ్లలో పిల్లలు లాటిన్ క్రియారూపాలు వల్లించేవారు. ఇక్కడి మక్తబ్‌లో మౌల్వీ ముందు కూర్చున్న పిల్లలు ఆమద్‌నామా పట్టుకొని పారసీ క్రియలు వల్లించి, ఆ వెనుక కరీమా, సాదీ గులిస్తాన్ చదివేవారు. 1884 దాకా హైదరాబాద్ రాజ్యంలో సర్కారు భాష పారసీయే కాబట్టి, నౌకరీ మీద ఆశ ఉన్న హిందూ కుటుంబాలూ కొడుకులను ఆ చదువుకు పంపేవి. ఒకే పిల్లవాడికి ఇంట్లో పోతన, మక్తబ్‌లో సాదీ. ఇంత సంపదను తెలంగాణ పల్లెల చరిత్రలో ఒక్క వాక్యంతో దాటేయడం అన్యాయం.

ఈ ప్రాంతపు పిల్లలకు ఇంకో అదృష్టం కూడా ఉంది. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకం ఎక్కడో దూరపు రాజాస్థానంలో పుట్టింది కాదు. కవి పిలిచే దేవుణ్ని ఆ పిల్లలు ఫాల్గుణంలో జరిగే ధర్మపురి జాతరలో కళ్లారా చూసినవాళ్లే. పైగా అందులోనివి సీసపద్యాలు. ఎనిమిది ఖండాల సీసం, దాని తోకగా నాలుగు పాదాల గీతం, చివర మకుటం. ఇంత పొడుగు పద్యాన్ని ఊపిరి ఎక్కడ తీయాలో తెలిసి, రాగం చెడకుండా ముగించడం చిన్నవాడికి పెద్ద సాధనే. మాటలు మాత్రం తేలిక. మాట తేలికగా ఉండి నడక గంభీరంగా ఉండే ఇలాంటి పద్యాలు చిన్న తరగతులకు మించి ఎక్కడా ఇంత పనికిరావు.

అయితే ఆ అరుగు అందరిదీ కాదు. దళితుల పిల్లలను దాని దరిదాపులకు రానిచ్చేవారు కాదు. ఆడపిల్లలు అరుదు. గొర్లు కాసే ఇళ్ల, మగ్గం నేసే ఇళ్ల పిల్లలకు పనే బడి. ఈ నిజాన్ని పక్కనబెట్టి పాత చదువును పొగడకూడదు.

బడి మూసిన ఆ తలుపు పక్కనే పల్లె మరో తలుపు తెరుచుకుంది. కోతలయ్యాక రాత్రిళ్లు గురువును పిలిపించుకొని చిరుతల రామాయణం నేర్చుకునేవారు. చిరుతలు వాయిస్తూ, అడుగు కలుపుతూ, అక్షరం రానివాళ్లు కూడా రాముడి కథను మొదటినుంచి చివరిదాకా పాటగా కంఠస్థం చేసేవారు. శేషప్ప పేరనే ధర్మపురి రామాయణం అనే యక్షగానం కూడా ఉంది. పురాణాన్ని కురుమల ఒగ్గుకథ ఊరూరా మోసింది.

పారసీ స్థానంలో ఉర్దూ వచ్చాక సర్కారు బడి ఉర్దూలో నడిచింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమమే. 1920లలో ఖాన్గీ బడి పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలన్న నిబంధన వచ్చి, అరుగు బడులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. అయినా పద్యం చావలేదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెస్తే, 354 మంది కవులు లెక్కకు వచ్చారు. హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదివి తెలుగు ఆచార్యుడయ్యారు, విశ్వంభరకు జ్ఞానపీఠం అందుకున్నారు.

2018 చట్టంతో తెలంగాణ బడుల్లో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అయింది. వాచకంలో శతక పద్యాలు ఉన్నాయి, కింద భావం కూడా అచ్చయి ఉంది. లేనిది గొంతు. సంస్కృతం సంగతి మరీ విడ్డూరం: చాలామంది పిల్లలకు శబ్దరూపాలు ఇంటర్‌లో, మార్కుల కోసం, పదహారో ఏట ఎదురవుతున్నాయి. నాలుకా జ్ఞాపకమూ లొంగే వయసు అప్పటికే దాటిపోయింది. పని మొదలుపెట్టాల్సింది మూడో, నాలుగో తరగతిలో. వారానికి రెండు పీరియడ్లు చాలు: ఒకటి పద్యాన్ని రాగంతో చదవడానికి, ఇంకొకటి ఊళ్లోని చిరుతల గురువును బడికి పిలిచి, ఆడా మగా తేడా లేకుండా, కులం అడగకుండా, తరగతి మొత్తంతో ఆడించడానికి.